గట్టు మీద గంటసేపు

కొడుకును వెంటబెట్టుకుని ఏటికి పోయి గాలం వేసే తండ్రిని ఎవరూ ఏమీ అనరు. ఆదివారం కాలక్షేపం అంటారు, కొడుక్కి ఓర్పు నేర్పుతున్నాడని మెచ్చుకుంటారు కూడా. అదే గట్టు మీద నడివయసు తల్లీ, పుట్టింటికి వచ్చిన పెళ్లయిన కూతురూ గాలం పట్టుకుని, పిట్టల్ని చూస్తూ గంటసేపు కూర్చుంటే? "ఇంట్లో పనేం లేదా?" అన్న మాట ముందు వస్తుంది. ఈ మాటను స్త్రీల హక్కుల సమస్యగా చూడాలని నా వాదన.

కోయిలకుంట్ల ప్రాంతంలో నల్లరేగడి చేల మధ్య నుంచి కుందూ పారుతుంది. నంద్యాల మీదుగా వచ్చి కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. కోయిలకుంట్ల అనగానే 1847లో ఇక్కడ ఉరితీసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గుర్తుకొస్తాడు. రావలసిందే. కానీ ఈ నీళ్లతో తరతరాలుగా బతికిన ఆడవాళ్లకు ఏం తెలుసో ఏ చరిత్రకూ ఎక్కలేదు. నీళ్లు తగ్గినప్పుడు పాతచీరెను చెరొక కొసనా పట్టుకుని చిన్నచేపల్ని ఎక్కడ దేవాలి, లకుముకిపిట్ట ఏ కొమ్మ మీద కాచుకుని ఉంటే ఆ కింద ఏముంటుంది, మునిగిన నీటికాకి ఎటు తేలుతుంది - ఇవన్నీ తల్లి కూతురికి పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేవే. "బెండు మునిగేదాకా లాగొద్దు పాపా" అనడంలో ఎంత అనుభవం ఉంది! మగవాడికి ఉంటే దాన్ని నైపుణ్యం అంటాం. ఆడదానికి ఉంటే కూరకు ఏదో తెచ్చుకుంటోంది అంటాం.

అమెరికాలో మరియా కార్సన్ అనే ఆమె పెళ్లి కాగానే టీచరు ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది. పెళ్లయిన ఆడవాళ్లకు ఆ ఉద్యోగం లేని రోజులవి. ఆమె తన చిన్న కూతురిని పొలాల్లో, అడవిలో తిప్పి పిట్టల్నీ పురుగుల్నీ చూపించింది. ఆ కూతురే రేచెల్ కార్సన్. పురుగుమందులు ప్రకృతిని ఎలా చంపుతున్నాయో 1962లో ప్రపంచానికి చెప్పిన శాస్త్రవేత్త. కూతురు పెద్దదై రచయిత్రి అయ్యాక కూడా మరియా 1958లో చనిపోయేవరకు ఆమెతోనే ఉంది, ఆమె రాతప్రతులు టైపు చేసింది. మన ఊళ్లలో ఇలాంటి జంట తయారు కావాలంటే ముందు కావలసింది పుస్తకాలు కాదు, పొద్దు.

ఆ పొద్దు ఎవరి చేతిలో ఉంది? 2024లో ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు పెడితే, ఆ పని చేసే మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారు. స్త్రీల పట్ల వివక్ష నిర్మూలనకు ఐక్యరాజ్యసమితి 1979లో ఆమోదించిన ఒప్పందం 13వ అధికరణం వినోదంలో, ఆటల్లో, సాంస్కృతిక జీవితంలో పాల్గొనే హక్కు స్త్రీలకు ఉందంటుంది. భారత ప్రభుత్వం దాన్ని 1993లో ధ్రువీకరించింది. ఆస్తిహక్కు, హింస గురించి మనం ఆ ఒప్పందాన్ని ఎన్నిసార్లో ఉదహరించాం. ఈ అధికరణం మాత్రం శిక్షణా తరగతుల్లో చివరి పది నిమిషాలకు కూడా రాదు.

చేపల విషయంలో స్త్రీలు గుర్తుకొచ్చేది పథకాల్లోనే. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సాధారణ లబ్ధిదారులకు 40 శాతం సాయం ఉంటే స్త్రీలకు 60 శాతం. మంచిదే, తీసుకోవాలి. కానీ స్త్రీ నీళ్ల దగ్గరికి పోవాలంటే ఆదాయం చూపించి తీరాలా? మగవాడి గాలానికి ఎవరూ లెక్క అడగరు కదా.

నంద్యాల జిల్లాలోనే రోళ్లపాడు ఉంది. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. ఆ పిట్ట ఇప్పుడు అక్కడ కనబడటమే అరుదు. గడ్డి కోతకనో, పశువుల వెంటనో తిరిగిన పెద్దవయసు ఆడవాళ్లను ఎవరైనా కూర్చోబెట్టి, మీరేం చూశారని అడిగారా? వాళ్ల కూతుళ్లతో రాయించవచ్చు. ఇది చాలా త్వరగా చేయవలసిన పని.

తీరిక ఒక్కటే సరిపోదు, చోటూ ఉండాలి. చీకటి పడితే గట్టు తాగేవాళ్లది. చెరువును వేలంలో పాడుకున్నవాడు గాలం వేసినా ఒప్పుకోడు. మన మహిళా సంఘాలు పంచాయతీని అడగదగ్గవి ఉన్నాయి: వేలం షరతుల్లో ఊరి ఆడవాళ్లు ఇంటికోసం గాలం వేసుకునే వీలు రాయించడం, రేవు దగ్గర ఒక దీపం, మరుగుదొడ్డి. మత్స్యకారుల సహకార సంఘంలో భర్త పేరుతో పాటు భార్య పేరూ, పెళ్లయినా అదే ఊళ్లో ఉన్న కూతురి పేరూ ఎందుకు ఉండకూడదో అక్కడే తేల్చమనవచ్చు.