నలుగురూ ఏమనుకుంటారో!

మీ బీరువా పై అరలో ఒక సంచీ ఉంటుంది, అవునా? జాకెట్టు ముక్కల సంచీ. చిలకపచ్చవి కొన్ని, పసుపువి కొన్ని, అసలు ఏ రంగో చెప్పలేనివి ఇంకొన్ని. శ్రావణ శుక్రవారం పేరంటంలో వచ్చినవీ, గృహప్రవేశంలో వచ్చినవీ! వాటిలో ఒక్కటైనా కుట్టించుకున్నారా? కుట్టించుకోరు. పారెయ్యడానికి చేతులు రావు. మళ్లీ ఎవరికో బొట్టు పెట్టి ఇస్తారు. ఆవిడ ఇంకొకరికి ఇస్తుంది. ఇచ్చినావిడకే తిరిగి వెళ్లిపోకుండా ముక్క మూలన పెన్సిలుతో పేరు రాసిపెట్టుకునే జాగ్రత్తపరులు నాకు తెలుసు. శాలిబండలో బయల్దేరిన ముక్క గౌలిపురా, ఉప్పుగూడ, ఛత్రినాక తిరిగి మూడేళ్లకి మళ్లీ శాలిబండలో తేలినా నేను ఆశ్చర్యపోను.

ఇంత తిరుగుడులో సంతోషపడింది ఎవరు చెప్పండి? ఇచ్చినావిడా కాదు, పుచ్చుకున్నావిడా కాదు. అయినా మానం. ఎందుకంటే మొహమాటం. నలుగురూ ఏమనుకుంటారో అని!

ఆషాఢం వచ్చిందంటే పాతబస్తీ ఇల్లాలికి ఊపిరాడదు. గోల్కొండలో మొదలైన బోనాలు సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి దాటుకుని లాల్‌దర్వాజా సింహవాహిని అమ్మవారి దగ్గరికి వచ్చేసరికి మన వంతు. 1908లో మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తినప్పుడు సాక్షాత్తూ నిజాం ప్రభువే ఈ అమ్మవారికి మొక్కుకున్నాడని మన పెద్దవాళ్లు చెప్పుకుంటారు. అంతటి తల్లి మనల్ని అడిగేదేమిటి? ఒక కొత్త కుండ, అందులో పాలూ బెల్లం వేసి వండిన అన్నం, పసుపు, వేపమండలు, పైన దీపం. అంతే! పొద్దున్నే లేస్తే గంటన్నర పని.

మిగతా రోజంతా మనం చేసే చాకిరీ అమ్మవారికి కాదు. ముప్ఫై మందికి బగారా అన్నం, మటన్ కూర, రెండు కిలోల పప్పు నానబోసిన గారెలు! 'కిందటేడు వాళ్లు పిలిచిండ్రు, ఈయేడు మనం పిలవకుంటే ఏం బాగుంటది?' అని ఇంట్లో మాట. పోతరాజు గడప ముందు నుంచే పోతాడు. కొరడా చప్పుడు మన చెవిన పడుతుంది గానీ మనిషి మాత్రం కంటపడడు. ఎందుకంటే అప్పుడు మనం మూకుడు ముందు ఉంటాం. సాయంత్రం ఫలహారం బండి చూద్దామనుకునే సరికి అంట్లు కొండలా పేరుకుని ఉంటాయి. సంవత్సరానికి ఒక్కసారి వచ్చే పండుగని ఇంటి ఇల్లాలే చూడకపోవడం కంటే అన్యాయం ఉందా?

చాకిరీతో పోతే ఫరవాలేదు, పడుకుంటే తగ్గుతుంది. డబ్బుతో ముడిపడితేనే అసలు బాధ. గౌలిపురాలో నాకు తెలిసిన ఒకావిడ ఆడపడుచుకి ఒడిబియ్యం పోసింది. ఒడిబియ్యం ఎంత ముచ్చటైన ఆచారమో మీకు చెప్పనక్కర్లేదు. ఆడబిడ్డ చల్లగా ఉండాలని పుట్టింటివాళ్లు ఆమె కొంగులో పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి, పోకలు పోసి ఒక చీర పెట్టి పంపడం. అందులో ఎంత ఆప్యాయత ఉంది! కానీ ఇప్పుడు ఆ ఒక్క చీరతో ఆగుతోందా? ఆమె అత్తగారికో చీర, తోటికోడళ్లకి తలా ఒకటి, మగవాళ్లకి ప్యాంటు షర్టు గుడ్డలు. ఈవిడ తన కమ్మలు గిర్వీ పెట్టింది. ఇంటాయనకి తెలియకుండా! తర్వాత ఆరు నెలలు వడ్డీ కట్టింది. ఆ వడ్డీ డబ్బు ఎక్కడిదంటారు? కూతురి ట్యూషన్ ఫీజు. ఆ పిల్లకి ఆ ఏడు లెక్కలు కష్టంగా ఉన్నాయని ట్యూషన్ పెట్టారు, మధ్యలో మాన్పించారు.

అసలు తమాషా తర్వాత జరిగింది. ఎన్నాళ్లకో వదినా మరదళ్లు ఇద్దరూ తీరిగ్గా కూర్చున్నప్పుడు ఆడపడుచు నోరు విప్పింది. "వదినా, నువ్వు అన్ని చీరలు పెడితే నాకు గుండె గుబేలుమన్నది. రేపు మీ ఇంట్ల పెండ్లైతే నేనెట్ల పెట్టాలె అని ఆ రాత్రంత నిద్ర పట్టలే" అన్నదట! ఇచ్చినామెకి ఏడుపు, పుచ్చుకున్నామెకి భయం. బాగుపడింది చీరల షాపువాడూ, గిర్వీ సేఠూ. ఈ మాటే ఆర్నెల్ల ముందు అనుకుని ఉంటే ఆ పిల్ల ట్యూషన్ మిగిలేది కదూ!

జాతీయ గణాంక కార్యాలయంవారు 2024లో మనవాళ్లు రోజులో ఏ పనికి ఎంతసేపు పెడుతున్నారో లెక్క తీశారు. జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు పెడుతున్నది సగటున రోజుకి 289 నిమిషాలు. అంటే అయిదు గంటలకి 11 నిమిషాలు తక్కువ. పిల్లల్నీ పెద్దవాళ్లనీ చూసుకునే సమయం ఇది కాక వేరే. మగవాళ్లది 88 నిమిషాలు. 2019లో ఇదే లెక్క తీసినప్పుడు మనది 299, వాళ్లది 97. అయిదేళ్లలో మనకి పది నిమిషాలు తగ్గితే వాళ్లకీ తొమ్మిది నిమిషాలు తగ్గింది. ఉన్నదే తక్కువ, అందులోనూ తగ్గింపా అని అడక్కండి!

అయితే ఈ పనిలో మన ఇంటి కోసం ఎంత, 'నలుగురి' కోసం ఎంత అన్న లెక్క సర్కారు తియ్యదు. మనమే తీసుకోవాలి. మీ ఇంట్లో చదివింపుల పుస్తకం ఉంటుంది కదా, పెళ్లిలో ఎవరు 116 రూపాయలు చదివించారో, ఎవరు స్టీలు బిందె ఇచ్చారో రాసుకున్న పుస్తకం. దాని వెనక పేజీలు ఎలాగూ ఖాళీయే. ఈ ఏడాది మీరు వెళ్లిన శుభకార్యాలూ, పెట్టిన పెట్టుపోతలూ, పిలిచిన భోజనాలూ అన్నీ అక్కడ రాయండి. ఒక్కోదాని పక్కన 'ఇ' అనో 'మొ' అనో పెట్టండి. ఇష్టంగా చేశారా, మొహమాటానికి చేశారా? ఇంకెవరికీ చూపించనక్కర్లేదు, కాబట్టి నిజమే రాయండి. 'మొ'లు ఎన్ని వచ్చాయో చూసుకుంటే మీకే నవ్వొస్తుంది. నవ్వు రాకపోతే కోపమైనా వస్తుంది, అదీ మంచిదే.

అట్లాగని అందరితో తెగతెంపులు చేసుకోమని నేను అనడం లేదు. 1990 డిసెంబరులో అల్లర్లయి రోజుల తరబడి కర్ఫ్యూ పెట్టినప్పుడు ఇక్కడున్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది. పాల ప్యాకెట్టు కూడా గగనమైపోయిన రోజులు. డాబా మీద నుంచి డాబా మీదికి గిన్నెడు పప్పు, పిల్లవాడికి గ్లాసుడు పాలు అందించుకున్న ఇళ్లున్నాయి. అటు ఆపా, ఇటు అక్క. ఆ గ్లాసు అందించినావిడ మన పెళ్లిలో ఎంత చదివించిందో ఎవరైనా పుస్తకం తీసి చూశారా? చావుకీ, జబ్బుకీ, పురుడుకీ వెళ్లవలసిందే. పిలవకపోయినా వెళ్లవలసిందే. వాటి పక్కన 'మొ' రాసేవాళ్లు ఉండరు.

మానుకోవలసినవి ఎలా మానుకోవాలి? అన్నిటికంటే ముఖ్యం, ముందే చెప్పడం. చివరి నిమిషంలో మానేస్తే కోపాలు, ముందే చెబితే సంబరాలు. "అక్కా, ఈ శ్రావణం నుంచి మా ఇంట్ల పసుపు కుంకుమ, రెండు అరటిపండ్లు, నానబోసిన శనగలు, ఇంత మల్లెపూలు. జాకెట్టు ముక్క బంద్. మీరూ నాకు పెట్టొద్దు" అని నవ్వుతూ చెప్పి చూడండి. పదిమందిలో ఎనిమిది మంది "అబ్బ, మంచి పని చేసినవు" అంటారు. మిగతా ఇద్దరూ రెండేళ్లకి అంటారు. బోనాలకి చుట్టాలు రావాలి, రాకపోతే అది పండుగే కాదు. కానీ గారెలు ఒకరు, కూర ఒకరు, పెరుగు పచ్చడి ఒకరు చేసుకొస్తే ఎవరి పరువూ పోదు. పోతరాజు వచ్చే వేళకి అందరూ గడపలోనే నిలబడవచ్చు. ఒకే ముహూర్తానికి నాలుగు పెళ్లిళ్లుంటే నాలుగు చోట్లా అక్షింతలు వేసి పరుగెత్తేకన్నా, మనసుకి దగ్గరైన ఒక్క పెళ్లిలో తాళి కట్టేదాకా కూర్చుని కడుపునిండా తినండి. మిగతా ముగ్గురి ఇళ్లకి తర్వాత తీరిగ్గా వెళ్లవచ్చు. అత్తగారు ఒప్పుకోకపోతే యుద్ధానికి దిగకండి. ఈ ఏడు ఒక్కటి తగ్గించండి, వచ్చే ఏడు ఇంకొకటి.

మరి ఆ మిగిలిన సమయంలో ఏం చేస్తారు? ఈ మాట అడిగితే చాలామంది తెల్లమొహం వేస్తారు. "నాకేమిష్టమో నాకే యాదికి లేదు" అన్నావిడ కూడా ఉంది. లాడ్ బజారులో మరదలి సీమంతానికీ, పక్కింటి పిల్ల పెళ్లికీ గంటలు గంటలు గాజులు బేరమాడతాం. ఆ లక్క గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన చేతికని ఒక జత కొనుక్కుని ఎన్నేళ్లయింది? మధ్యాహ్నం తలుపేసుకుని గంటసేపు నిద్రపోవడం మీ ఇష్టమైతే అదే చెయ్యండి, దానికేం తక్కువ? మూలనపడిన కుట్టుమిషనుకి నూనె వేసుకోవడమైనా సరే. రేడియోలో పాత పాటలు పెట్టుకుని గొంతు కలపడమైనా సరే.

ఇల్లు కదలాలనిపిస్తే బస్సు ఉండనే ఉంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకి ఆర్టీసీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు డబ్బులు లేవు. ఇక్కడి చిరునామా ఉన్న ఆధార్ కార్డు చూపిస్తే చాలు. ఆ బస్సెక్కి కూడా మనం పెళ్లిళ్లకీ పేరంటాలకే పోతున్నామనుకోండి, అది వేరే సంగతి!

పాతబస్తీలోనే పుట్టి పెరిగి, బడి పిల్లలతో ఒకసారి తప్ప సాలార్‌జంగ్ మ్యూజియం గడప తొక్కనివాళ్లు ఎంతమందో. నయాపూల్ దగ్గర దిగితే నాలుగడుగులు. మొదటి సాలార్‌జంగ్ 1876లో కొన్న ముసుగు రెబెక్కా బొమ్మ అక్కడే ఉంది. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కింది. పాలరాయిలోంచి పల్చని ముసుగూ, దాని వెనక మొహమూ కనబడేలా ఎలా చెక్కాడో ఎంతసేపు చూసినా అర్థం కాదు. ఇక గంటగంటకీ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం సంగతి మీకు తెలిసిందే. పన్నెండింటికైతే పన్నెండు దెబ్బలు, అందుకే అప్పుడు జనం ఎక్కువ. శుక్రవారం సెలవు. పక్కింటావిడని కూడా లేవదీయండి, వంట పొద్దున్నే ముగించేయండి. పదకొండున్నరకల్లా గడియారం ముందుంటే వెనకనుంచి మునివేళ్ల మీద నిలబడి చూసే బాధ ఉండదు.