ఫోన్‌లో చెరిపితే చెరగని జాడ

కిందటి దసరా సెలవుల్లో ఏ రోజు ఏ ఊళ్లో ఉన్నామో గుర్తు రాకపోతే గూగుల్ మ్యాప్స్‌లో టైమ్‌లైన్ తెరిస్తే చాలు. ఉపగ్రహాలు, చుట్టుపక్కల వైఫైలు, సెల్ టవర్ల ఆసరాతో ఫోన్ మనం నడిచిన దారంతా గీసి పెడుతుంది. ఒక్కోసారి పొరబడుతుంది కూడా. పంజగుట్ట సిగ్నల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోతే, పక్కనున్న నగల దుకాణానికి వెళ్లొచ్చినట్టు రాసేయగలదు. ఇంట్లో సంజాయిషీ చెప్పుకోవడం మన వంతు! అయినా పనికొచ్చే లెక్కే. బండి మీద ఊళ్లు తిరిగే మెడికల్ రిప్రజెంటేటివ్‌కు పెట్రోలు ఖర్చులు రాసుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అందుకే ఈ డైరీని నేను తప్పుపట్టను. పేచీ అల్లా అది ఎవరి బీరువాలో ఉందన్నదే. చాలాకాలం అది గూగుల్ సర్వర్లలో ఉండేది. లొకేషన్ హిస్టరీ ఆపేసినా మరో సెట్టింగ్ ద్వారా జాడ నమోదవుతూనే ఉందని 2018లో అసోసియేటెడ్ ప్రెస్ బయటపెట్టింది. ఆ వ్యవహారంలో 2022లో 40 అమెరికా రాష్ట్రాలకు 39.15 కోట్ల డాలర్లు చెల్లించడానికి గూగుల్ ఒప్పుకుంది. తర్వాత టైమ్‌లైన్‌ను మన ఫోన్‌లోకే మార్చింది. మంచి పనే, కాకపోతే కాపలా మన మీద పడింది. 2025 మార్చిలో సాంకేతిక లోపంతో కొందరి టైమ్‌లైన్ తుడిచిపెట్టుకుపోతే, బ్యాకప్ పెట్టుకున్నవాళ్లే తిరిగి రాబట్టుకునే వీలు దక్కింది.

మన చేతిలో లేనిది టవర్ల లెక్క. జీపీఎస్ కట్టేసినా ఫోన్ ఏదో ఒక టవర్‌ను అంటిపెట్టుకునే ఉంటుంది. కాల్ చేస్తే ఆ టవర్ వివరం రికార్డుకెక్కుతుంది. ఇలాంటి రికార్డులను కనీసం రెండేళ్లు దాచాలని టెలికాం శాఖ 2021 డిసెంబరులో లైసెన్సు షరతులు సవరించింది. అంతకుముందు ఈ గడువు ఏడాదే. పేర్లు తీసేస్తే ఫర్వాలేదులే అనుకోవడానికీ లేదు. 15 లక్షల మంది ఫోన్ కదలికలను పరిశీలించిన 2013 నాటి అధ్యయనంలో, వేళతో సహా నాలుగు చోట్లు తెలిస్తే 95 శాతం మందిని విడిగా పోల్చుకోవచ్చని తేలింది. ఇల్లు, ఆఫీసు, పిల్లల బడి, శనివారం వెళ్లే గుడి. నాలుగూ అయిపోయాయి.

బెయిల్‌పై ఉన్న నిందితుడు తన గూగుల్ మ్యాప్స్ పిన్‌ను దర్యాప్తు అధికారికి అందుబాటులో ఉంచాలన్న షరతును సుప్రీంకోర్టు 2024 జులై 8న కొట్టేసింది. కదలికలపై నిరంతరం కన్నేసే వీలిచ్చే షరతు గోప్యత హక్కుకు భంగమని చెప్పింది. నిందితుడికే అంత రక్షణ ఉన్నప్పుడు, ఏ కేసూ లేని కోట్లాది మంది జాడను రెండేళ్లు మూటగట్టి ఉంచడాన్ని ఎవరూ పెద్దగా ప్రశ్నించకపోవడం వింతే.

కనీసం ఆ మూటలో ఏముందో చూసుకునే దారైనా ఉండాలి. జర్మనీలో గ్రీన్ పార్టీ నేత మాల్టే స్పిట్జ్ డాయిష్ టెలికాంపై కోర్టుకెక్కి, ఆరు నెలల తన రికార్డులు రాబట్టారు. మొత్తం 35,830 నమోదులు. 2011లో జైట్ ఆన్‌లైన్ వార్తా సైట్ వాటిని మ్యాపు మీద పెడితే, ఆయన ఎక్కిన రైళ్లు, నిద్రపోయిన ఊళ్లు అందరికీ కనిపించాయి. మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 11వ సెక్షన్‌ కూడా సొంత డేటా సారాంశం అడిగే హక్కును పొందుపరిచింది. కానీ అది మన సమ్మతితో తీసుకున్న డేటాకే. టవర్ రికార్డులు లైసెన్సు షరతు కోసం దాచినవని, సమ్మతితో పని లేదని కంపెనీలు తప్పించుకునే సందు అక్కడే ఉంది. ఆ సందును పూడ్చడానికి సెక్షన్‌లో ఒక్క వాక్యం చేరిస్తే చాలు.