తుప్పు మీద రేకు

యూనియను కార్యదర్శి ఫోను చేసి, "మీరు పాత విద్యార్థులు కదండీ, సావనీరుకి ఏదైనా రాసి పంపండి సార్" అన్నారు. ఏదైనా అంటే ఏమిటి బాబూ అని అడిగితే, "మీ అనుభవాలు, యువతకి మీ సందేశం" అన్నారు. సందేశాలిచ్చే అర్హత నాకు లేదు. ఒక జీపు వెనకభాగపు ఫ్లోరు తుప్పుపట్టిపోతే దాన్ని రెండుసార్లు బాగుచేయించేను. మొదటిసారి తప్పుగా, రెండోసారి సరిగ్గా. ఆ రెండింటి మధ్యా ఒక మనిషి చెయ్యి విరిగింది. ఆ సంగతే రాస్తున్నాను. వర్క్‌షాపు క్లాసంటే మొహం చిట్లించే మిత్రులు కాస్త ఓపిగ్గా చదవాలని మనవి.

జీపు మా నాన్నగారిది. 1988లో రిజిస్టరయిన డీజిలు బండి. ఆయన భీమిలి దారిలో ఒక రొయ్యపిల్లల హేచరీలో సూపర్‌వైజరుగా పనిచేసేవారు. జీపు వెనక మనుషులకంటే ఎక్కువగా ఉప్పునీళ్ళ క్యానులే ప్రయాణం చేసేయి. మూతలు ఎంత బిగించినా గతుకుల్లో నీళ్ళు చిందకుండా ఉంటాయా? చిందిన నీళ్ళు రబ్బరు మ్యాటు కిందికి చేరేవి. మ్యాటు పైన తుడిస్తే తళతళా మెరిసేది. కింద ఏం జరుగుతోందో ఎవరూ ఎత్తి చూడలేదు. నీళ్ళు పోవడానికి ఫ్లోరులో వేసిన బెజ్జాలు మట్టితో ఎప్పుడో పూడుకుపోయేయి.

కింద ఏం జరుగుతోందో నాకు తెలిసి ఉండాలి. ఎందుకంటే మెటలర్జీ పేపరులో నేను ఆ ప్రశ్నకి జవాబు రాసేను. ఇనుప పలక మీద ఒక నీటిబొట్టు బొమ్మ వేసి, బొట్టు అంచుల దగ్గర గాలి బాగా తగుల్తుంది కనక అక్కడ ఇనుము క్షేమంగా ఉంటుందనీ, గాలి అందని మధ్యభాగమే తినుకుపోతుందనీ, నీళ్ళలో ఉప్పుంటే విద్యుత్తు ఇంకా సులువుగా ప్రవహించి ఈ పని మరీ వేగంగా సాగుతుందనీ బాణాల గుర్తులతో సహా రాసి పారేసేను. డిఫరెన్షియల్ ఏరేషన్ అంటారు దాన్ని. మాస్టారు ఆ జవాబుకి పూర్తి మార్కులు వేసేరు. తడి మ్యాటు కింద జీపు ఫ్లోరూ, నేను బొమ్మ వేసిన నీటిబొట్టూ ఒకటేనని మాత్రం చాలా ఏళ్ళదాకా నాకు తట్టలేదు.

(ఇనుము మాటొస్తే మన సభల్లో వక్తలు ఢిల్లీ ఇనుపస్తంభం గురించి చెప్పకుండా ఉండలేరు. పదహారు వందల ఏళ్ళుగా నిలిచిన మాట నిజమే. అందులో భాస్వరం ఎక్కువ, దానివల్ల పైన ఒక రక్షణపొర ఏర్పడిందని శాస్త్రజ్ఞులు తేల్చేరు. మా జీపు ఫ్లోరుకి ఆ భాగ్యం లేదు. ఆ స్తంభం ఉన్నది విశాఖపట్నం సముద్రపు ఒడ్డునా కాదు.)

ప్రైవేటు బండికి మొదటి 15 ఏళ్ళు దాటేక ప్రతి 5 ఏళ్ళకీ రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. 2018లో ఆ గడువొచ్చింది. అప్పుడు మ్యాటు ఎత్తితే, ఫ్లోరు జల్లెడలా ఉంది. వెలుతురు కిందనుంచి కనిపిస్తోంది. దగ్గర్లో ఒక షెడ్డుకి తీసుకెళ్ళేను. వాళ్ళు తుప్పు మీద బ్రష్షుతో రెండు గీతలు గీసి, తారు పూసి, పైన ఒక పల్చటి రేకు పరిచి, చుట్టూ రివెట్లు కొట్టి, పెయింటు వేసి ఇచ్చేరు. మొత్తం మూడు గంటల పని. నేను, మెకానికల్ ఇంజనీర్ని, పక్కన నిలబడి టీ తాగుతూ చూసేను. చూసి బాగుందన్నాను! ఆ షెడ్డువాళ్ళని నేనేమీ అనను. వాళ్ళు అడిగినంత పనీ చేసేరు. అడిగినవాణ్ణి నేను.

తుప్పు మీద రేకు పరిస్తే ఏమవుతుంది? రెండు రేకుల మధ్య సందులోకి తడి వెళ్తుంది గానీ తిరిగి రాదు. మళ్ళీ అదే నీటిబొట్టు బొమ్మ. పైగా ఇనుము తుప్పయితే ఒళ్ళు పెరుగుతుంది, అంటే మొదటి ఇనుముకంటే ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది. ఆ ఉబ్బుకి రివెట్లు లేచిపోతాయి, వెల్డులు విడిపోతాయి. పైకి మాత్రం పెయింటు నిగనిగలాడుతూనే ఉంటుంది. మూడేళ్ళు అలాగే నిగనిగలాడింది.

2021 డిసెంబరులో ఒక పెళ్ళికి వెళ్తున్నాం. వెనక పక్కసీట్లో మా మేనత్త కూచుంది. స్పీడుబ్రేకరు దగ్గర బండి ఎగిరింది. సీటుని ఫ్లోరుకి పట్టి ఉంచిన బోల్టులు, కింది రేకుని తమతోపాటు పెళ్ళగించుకుని పైకొచ్చేసేయి. అత్తయ్య సీటుతో సహా పడిపోయింది. మణికట్టు ఎముక విరిగింది. అరవై ఏడేళ్ళ మనిషి. ఆవిడ ఆసుపత్రిలో నన్ను పట్టుకుని, "నీ తప్పేముందిరా, పాత బండి కదా" అంది. నాన్నగారు మాత్రం ఇంటికొచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు. వచ్చేక ఒకటే అడిగేరు. "రేకు పాతదే. దాని మీద రివెట్లు కొడుతుంటే చూసినవాడు ఎంతవరకు చదివేడ్రా?"

తరవాత అందరూ చెప్పిన సలహా, బండిని తుక్కుకి ఇచ్చెయ్యమని. అప్పటికి కేంద్రప్రభుత్వం తుక్కు విధానం ప్రారంభించి నాలుగు నెలలు. 2023 ఏప్రిల్ 1 నుంచయితే 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలకి రిజిస్ట్రేషను పొడిగింపే ఆగిపోయింది. పాత డీజిలు పొగ మంచిదని నేను వాదించను. ఊరి మధ్యలో రోజూ తిప్పే బండయితే నేనే ఇచ్చేసేవాణ్ణి. కాని ఇంజనుకి వచ్చిన రోగం వేరు, ఫ్లోరుకి వచ్చిన రోగం వేరు. జీపులో బరువు మోసేది కింద నిచ్చెనలాంటి ఛాసిస్. పైన బాడీ దానికి బోల్టులతో బిగించిన తొట్టి. తొట్టి అడుగు పోతే కొత్త అడుగు వెయ్యొచ్చు. ఈనాటి కార్లలో ఫ్లోరే బరువు మోస్తుంది గనక అక్కడ ఇష్టమొచ్చినట్టు కొయ్యకూడదు. ఈ తేడా తెలియకుండా అన్నిటికీ ఒకే మందు చెప్పేవాళ్ళలో ఎక్కువమంది మన డిగ్రీ ఉన్నవాళ్ళే కావడం నాకు బాధ కలిగించింది.

కంచరపాలెంలో ఒక బాడీ మేస్త్రి ఉన్నాడని చెప్తే 2022లో బండి అక్కడికి తోలుకెళ్ళేను. అరవై దాటిన మనిషి. ఆయన ముందు సుత్తి పట్టుకోలేదు. పాత స్క్రూడ్రైవరు ఒకటి తీసుకుని ఫ్లోరంతా పొడుచుకుంటూ వెళ్ళేడు. దిగినచోట సుద్దతో గీత. బాగుందని నేననుకున్న చోట్లా దిగింది. నా లెక్కకి జానెడు వెడల్పు తుప్పు, ఆయన సుద్దగీతకి రెండు మూరలు. "అంత కొయ్యాలా మేస్త్రీ?" అన్నాను. "మంచి ఇనుం దొరికేదాకా కొయ్యాల బాబూ. వెల్డింగు తుప్పుకి అతకదు" అన్నాడు.

పదకొండు రోజులు పట్టింది. నేను సెలవుపెట్టి మొదటి వారమంతా అక్కడే ఉన్నాను. బ్యాటరీ తీగలు విప్పించేడు. డీజిలు ట్యాంకు దింపించేడు. కోతకి ముందు తొట్టికి అటుగోడకీ ఇటుగోడకీ మధ్య యాంగిలు ముక్కలు అడ్డంగా అతికించేడు. ఎందుకో నాకు అర్థం కాలేదు. అడుగు కోసేస్తే గోడలు విచ్చుకుంటాయనీ, తరవాత వెనక తలుపు పట్టదనీ చెప్పేడు. అప్పుడైనా సగం ఫ్లోరే కోసేడు. మిగతా సగం కొలతలకి సాక్షిగా ఉంచేడు. ఆ సగం పూర్తయేకే రెండో సగం.

కొలతలు టేపుతో కాదు, అట్టపెట్టె ముక్కలతో. అట్టని వంచి, కత్తిరించి, చక్రం పైనున్న గుమ్మటానికి ఆనించి చూసి, సరిపోయేకే దాన్ని 16 గేజి రేకు మీద పెట్టి గీసేడు. అంటే 1.6 మిల్లీమీటర్ల మందం. పాత ఫ్లోరులో ఉన్నట్టే పొడుగునా గాడులు కొట్టేడు. అవి అందానికనుకునేవాణ్ణి. సాదా రేకు కాలు పెడితే టపటపలాడుతుంది, గాడులుంటే బిగువుగా నిలుస్తుంది. ఫ్లోరు కింద అడ్డంగా ఉండే పెట్టెలాంటి ఛానెళ్ళు కూడా రెండు పోయేయి. వాటిని కొత్తగా వంచి చేసి, మూసేముందు లోపల రెడ్ ఆక్సైడు పూసి, చివర్లలో నీళ్ళు పోయే బెజ్జాలు ఉంచేడు. "ఈ బెజ్జాలు నెలకోసారి పుల్లెట్టి పొడవండి" అని మూడుసార్లు చెప్పేడు.

వెల్డింగు సి.ఓ.టు. మిషనుతో చేసేడు. గ్యాసుతో అయితే వేడి రేకంతా పాకి అప్పడంలా వంకర్లు తిరుగుతుందట. గీతగీసినట్టు ఒక చివర నుంచి మరో చివరకి కాల్చలేదు. ఇక్కడో చుక్క, ఎదరవేపో చుక్క, ఆగి, చెయ్యి పెట్టి చూసి, మళ్ళీ ఇంకోచోట చుక్క. ఛానెళ్ళ మీద పై రేకుకి వరసగా బెజ్జాలు వేసి వాటిల్లోంచి నింపేడు. ఒకచోట నేను మిగిలిన జి.ఐ. రేకు ముక్క అందిస్తే తీసుకోలేదు. జింకు పూత గీకకుండా కాలిస్తే ఆ పొగకి సాయంత్రం చలిజ్వరం వస్తుందట. అది నిజమే. వైద్యుల పుస్తకాల్లో దానికి పేరుంది. ఆయనకి పేరు తెలీదు, జ్వరం తెలుసు. ఆఖర్ని జాయింట్లకి సీలింగు పేస్టు, కింద అండర్‌కోటు, ఛానెళ్ళ లోపలికి మైనం. మ్యాటు మళ్ళీ పరవనివ్వలేదు.

2023లో రిజిస్ట్రేషను పొడిగింపు అయింది. అత్తయ్య ఇప్పుడా బండెక్కదు. ఎక్కమని నేనడగను.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్నది. ఆ మేస్త్రి చేసిన ప్రతి పనికీ కారణం మన సిలబస్‌లో ఉంది. తుప్పు అక్కడుంది, వేడికి రేకు వంకర తిరగడం అక్కడుంది, గాడుల బిగువు స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్సులో ఉంది. మనకి కారణాలు తెలుసు, చెయ్యి రాదు. ఆయనకి చెయ్యి వచ్చు, దాన్ని నేర్చుకోడానికి ఎవరూ రారు. ఆయన కొడుకు ఫోన్ల కొట్టు పెట్టుకున్నాడు. షెడ్డులో ఉన్న ఒక్క కుర్రాడూ పుట్టీ పని మాత్రమే చేస్తాడు, దాంట్లో డబ్బులు తొందరగా వస్తాయి గనక.

మొదటి ఏడు వర్క్‌షాపులో రేకు సెక్షన్లో మనమంతా ఏం చేస్తాం? ఒక చిన్న ట్రే. కొలిచి, కత్తిరించి, అంచులు మడిచి, మార్కులు వేయించుకుని, మూల పడేస్తాం. చాలామంది సీనియర్ల ట్రేకే కొత్త నంబరు గుద్ది చూపిస్తారు. నేనూ చూపించేను, ఇప్పుడు దాచడమెందుకు. జీపు ఫ్లోరు కూడా ఒక ట్రేయే, దాని మీద మనిషి కూచుంటాడన్న మాటే తేడా. ఆ ట్రేలకి బదులు బ్యాచికి ఒక నిజమైన తుప్పురేకు ఇవ్వండి. తుప్పెక్కడ మొదలై ఎక్కడ ఆగిందో పొడిచి చూసి, సుద్దతో గీత గియ్యమనండి. గీత సరిగ్గా గీసినవాడికి మార్కులు. ఆ మేస్త్రి లాంటివాళ్ళని నెలకి రెండు పూటలు పిలిచి, గెస్టు లెక్చరరుకి ఇచ్చే భత్యమే ఇచ్చి, కుర్చీ వేసి కూచోబెట్టండి. రూల్సు ఒప్పుకోవని లెక్చరరు మిత్రులు అనొచ్చు. రూలు మార్చమని అడగడానికే కదా యూనియనుంది. వార్షికోత్సవానికి ఆర్కెస్ట్రా కావాలని ప్రిన్సిపాలుగారి గది ముందు రెండు గంటలు కూచున్న యూనియన్లు నాకు తెలుసు, అందులో నేనున్నాను.

మేస్త్రి కోసి పడేసిన పాత ఫ్లోరు ముక్క, రెండడుగుల పొడవుది, పైన 2018 నాటి రేకు అంటుకుని ఉన్నదే, మా ఇంట్లో దాచేను. వర్క్‌షాపు సూపరింటెండెంటుగారు సరేనంటే తెచ్చి ఇస్తాను. పైనుంచి చూస్తే ఇప్పటికీ పెయింటు బాగానే ఉంటుంది. తిరగేసి చూడండి. తిరగేసేటప్పుడు మాత్రం చేతికి గుడ్డ చుట్టుకోండి, అంచులు కోసుకుంటాయి.