కడ్డీలకు మందు వద్దు, కొళాయి దగ్గర సబ్బు కావాలి

వినతిపత్రం

గౌరవనీయులైన ఏలూరు జిల్లా కలెక్టర్ గారి సముఖానికి,

భీమడోలు, పూళ్ళ, గుండుగొలను, ఆగడాలలంక, చెట్టున్నపాడు గ్రామాల నుంచి రోజూ బస్సుల్లో, రైళ్ళలో, షేర్ ఆటోల్లో తిరిగే ప్రయాణికులం సమర్పించుకుంటున్న విన్నపం.

విషయం: బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, ఆటో స్టాండ్లలో చేతులు కడుక్కునే వసతి గురించి, దానితో ముడిపడిన మరికొన్ని కోరికల గురించి.

కలెక్టర్ గారూ,

మా భీమడోలు మండలం పదిమందీ దిగే చోటు. హౌరా–చెన్నై రైలు మార్గం, పదహారో నంబరు జాతీయ రహదారి రెండూ మా మీదుగానే పోతాయి. చిన్నతిరుపతి వెంకన్న దర్శనానికి వచ్చేవాళ్ళు భీమడోలులో రైలు దిగి ద్వారకా తిరుమలకు బస్సో ఆటోనో పట్టుకుంటారు. కొల్లేటి లంకల జనం చేపల పనికీ, ఆస్పత్రి పనికీ ఇక్కడే రోడ్డెక్కుతారు. కాలేజీ పిల్లలు ఇటు ఏలూరికి, అటు తాడేపల్లిగూడేనికి. 2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక పల్లెవెలుగులో కాలు పెట్టే చోటు కరువైంది. మంచి పథకం, కొనసాగాలి. రద్దీ మీద మా ఫిర్యాదేమీ లేదు. ఒక్కో కడ్డీని పట్టుకునే చేతులు పెరిగాయని మాత్రం మనవి చేస్తున్నాం.

ఆ చేతులకు భయం పట్టుకుంది. కరోనా పోయినా అది పోలేదు. ఎడమ చేత్తో కడ్డీ పట్టుకుని, కుడిచేతిని టిఫిన్ కోసమని జేబులో దాచుకునే కుర్రాళ్ళు మా బస్సుల్లో ఉన్నారు. సీటు వెనక కమ్మీకి వేళ్ళు తగలకుండా మోచెయ్యి ఆనించి, డ్రైవరు బ్రేకు వెయ్యగానే పక్కవాళ్ళ మీద పడే పెద్దమనుషులున్నారు. ఒక తల్లి పైటచెంగు చుట్టి కడ్డీ పట్టుకుంటుంది. దిగేముందు అదే చెంగుతో చంకలో బిడ్డ మూతి తుడుస్తుంది. కడ్డీ మీద ఉన్నదేదో బిడ్డ నోటిదాకా పోవడానికి అంతకన్నా దగ్గర దారి లేదు. ఆమెను అని ఏం లాభం? దిగిన చోట కొళాయీ సబ్బూ ఉంటే ఆ చెంగుతో పని ఉండదు. మా విన్నపంలో అసలు సంగతి ఇదే, మిగతాదంతా కొసరు.

ఇంత భయం దేనికని మీ సిబ్బంది అడగవచ్చు. కొంత అనవసరమే, ఒప్పుకుంటాం. కరోనా వైరస్ ప్లాస్టిక్ మీద, స్టీలు మీద రెండు మూడు రోజులు బతుకుతుందని 2020 మార్చిలో ప్రయోగశాల ఫలితాలు వచ్చేసరికి కూరగాయలు సైతం సర్ఫ్ నీళ్ళలో కడిగాం. ఏడాది తిరిగాక, 2021 ఏప్రిల్‌లో, వైరస్ అంటిన వస్తువును ఒకసారి తాకితే జబ్బు అంటుకునే అవకాశం పదివేలలో ఒకటికన్నా తక్కువని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీయే చెప్పింది. ఆ మాట మన ఊళ్ళదాకా రాలేదు. భయం వచ్చినంత వేగంగా ధైర్యం రాదు మరి.

అలాగని కడ్డీ నిర్దోషి అనలేం. ఫ్లూ వైరస్ స్టీలు మీద 24 నుంచి 48 గంటలు ఉంటుంది, అరచేతి మీద ఐదు నిమిషాలకు మించి నిలవడం కష్టం. ఆ ఐదు నిమిషాల్లో చెయ్యి ఎక్కడికి పోతుందన్నదే ప్రశ్న. అరచేతి చర్మం గుండా అది ఒంట్లోకి పోదు, కన్నో ముక్కో నోరో కావాలి. ఆస్ట్రేలియాలో వైద్య విద్యార్థుల్ని గమనిస్తే గంటకు సగటున 23 సార్లు మొహం తాకుతున్నారని 2015లో తేలింది. వైద్యం చదివేవాళ్ళ సంగతే అది. ఏలూరు బస్సులో చెమటలు కారుతూ నిలబడ్డవాళ్ళం, మేమెన్నిసార్లు తుడుచుకుంటామో వేరే చెప్పాలా?

2023 జులై, ఆగస్టుల్లో కళ్ళకలక రాష్ట్రమంతా చుట్టబెట్టింది. ఎర్రబడ్డ కన్ను నలుపుకున్న చేత్తో కడ్డీ పట్టుకుంటే, ఆ కడ్డీ పట్టుకున్న ఇంకో చెయ్యి ఇంకో కంట్లోకి పోయింది. ఇళ్ళలో ఒకే తువ్వాలు కూడా అంతే పని చేసింది. కళ్ళకలక తెచ్చే అడినో వైరస్ పొడి వస్తువుల మీద చాలా రోజులు ఉండగలదు. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరో వైరస్ అయితే జేబులో పెట్టుకు తిరిగే శానిటైజరుకు సరిగ్గా లొంగదు. సబ్బూ పారే నీళ్ళూ పడితేనే చేతిని వదులుతుంది. అందుకే శానిటైజరు స్టాండ్లు మళ్ళీ పెట్టించమని మేం అడగడం లేదు. అప్పట్లో పెట్టినవాటిలో కొన్ని ఇంకా ఉన్నాయి. తొక్కితే సాలీడు బయటికొస్తుంది.

ఇక బ్లీచింగ్. పెద్దవాళ్ళెవరైనా వస్తున్నారంటే రోడ్డుకు రెండువైపులా ముగ్గు పోసినట్టు తెల్ల గీత పడుతుంది. కాలవగట్టు మీద, చెత్తకుప్ప మీద, ఆవుపేడ మీద. మట్టీ జిడ్డూ ఉన్నచోట క్లోరిన్ వాటితోనే ఖర్చయిపోతుంది. మూతి విప్పిన సంచిని వానాకాలమంతా గోడౌనులో ఉంచితే పొడిలో పస పోతుంది, వాసన మిగులుతుంది. వీధుల్లో మందు చల్లడం వల్ల ఉపయోగం లేదని, మనుషుల మీద ఎట్టి పరిస్థితుల్లోనూ చల్లకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలోనే చెప్పింది. కనుక మొదటి కోరిక, ఖర్చు లేనిది: ఆ గీతలు ఆపించండి. ఆ పొడి తాగునీటి ట్యాంకులకూ, ఎవరైనా వాంతి చేసుకున్న బస్సుకూ దాచండి. వాంతి మీద గుప్పెడు మట్టి పోసి అదే బస్సును తర్వాతి ట్రిప్పుకు పంపే పద్ధతి పోవాలి. ప్రతి డిపోలో ఒక బకెట్టు, చేతి తొడుగులు, పాత గుడ్డలు, కొలత రాసిన బ్లీచింగ్ డబ్బా ఉండాలి. ముందు తుడిచి, సబ్బుతో కడిగి, ఆ తర్వాతే బ్లీచింగ్ నీళ్ళు, పది నిమిషాలు ఆగి కడగడం. ఈ వరస గోడ మీద తెలుగులో రాయించాలి. రోజూ రాత్రి బస్సు బయట కడిగే నీళ్ళలో కాసిన్ని లోపలి కడ్డీలకూ, సీటు వెనక కమ్మీలకూ పెడితే చాలు. మందు అక్కర్లేదు.

కొళాయి సంగతికి వస్తే, ఎక్కడో వెనక, మరుగుదొడ్డి గోడ చాటున వద్దు. బస్సు దిగి బజ్జీల బండి దగ్గరకు పోయే దారిలో ఉండాలి. చెయ్యి కడుక్కోవడానికి ఎవరూ పది గజాలు వెనక్కి నడవరు. బజ్జీ కోసం మాత్రం నడుస్తారు. తిప్పే కొళాయి కాకుండా మోచేత్తో నొక్కేదో, కాలితో తొక్కేదో పెట్టించండి. లేకపోతే మురికి చేత్తో తిప్పి, కడుక్కున్న చేత్తో అదే కట్టాలి. సబ్బు పెడితే ఎత్తుకుపోతారని అంటారు. నిజమే, పోతారు. కొల్లేటి మనుషులం కాబట్టి మందు మాకు తెలుసు: పాత వల ముక్కలో సబ్బు బిళ్ళ పెట్టి ముడేసి కొళాయికి కట్టండి. వల లోపలే నురగ వస్తుంది, బిళ్ళ బయటకు రాదు. అదీ కుదరకపోతే ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు పోసి చెంచాడు సర్ఫ్ కలిపి, మూతకు బెజ్జం పెట్టి వేలాడదీసినా పని జరుగుతుంది. వల ముక్కలు మేమిస్తాం.

మరుగుదొడ్లలో అసలు చిక్కు గడియ దగ్గర. కాళ్ళూ చేతులూ కడుక్కున్నాక మనిషి చివరగా తాకేది దాన్నే. అందుకే కొళాయి లోపల ఒక్కటే చాలదు, తలుపు బయట ఇంకోటి ఉండాలి. ఆడవాళ్ళ గదిలో బుట్ట, బుట్టకు మూత, రోజూ దాన్ని ఖాళీ చేసే మనిషి. ఆ మనిషికి చేతి తొడుగులు, నెలనెలా జీతం.

వేసవిలో చలివేంద్రాలు పెట్టే దాతలకు దండం పెడతాం. గొలుసు కట్టిన ఒక్క గ్లాసు మాత్రం తీయించండి. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం 1909లోనే రైళ్ళలోనూ బయటా అందరూ ఒకే కప్పుతో తాగడాన్ని నిషేధించింది. క్షయ రోగులు తాగిన కప్పుతోనే పిల్లలూ తాగడం రైల్లో చూసి, అక్కడి ఆరోగ్యాధికారి శామ్యూల్ క్రంబైన్ పట్టుబట్టి తెచ్చిన నిబంధన అది. మనకు అంత చట్టం కూడా అక్కర్లేదు. ఎత్తి పోసుకుని తాగడం పుట్టుకతో వచ్చిన విద్య. కుండకు కొళాయి బిగించి, దోసిట్లోనో సొంత సీసాలోనో పట్టుకోమంటే సరి.

రైల్వేవారికి రెండు మాటలు. బోగీ చివర బేసిన్ దగ్గర సబ్బు నీళ్ళు ఉంచాలి, జనరల్ బోగీలో కూడా. అక్కడే జనం ఎక్కువ, అక్కడే అది కనిపించదు. రెండోది, ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో రాత్రి ఏసీ బోగీ ఎక్కేవాళ్ళది. దుప్పట్లు నెలకు కనీసం ఒకసారి ఉతుకుతున్నామని 2024 నవంబరులో రైల్వే మంత్రి లోక్‌సభలో చెప్పారు. మంచిదే. మనకు అందిన దుప్పటి ఆ నెలలో ఏ వారానిదో తెలిసేలా కవరు మీద ఉతికిన తేదీ ముద్ర వేయిస్తే ప్రయాణికుడు ప్రశాంతంగా పడుకుంటాడు, లేదా ప్రశాంతంగా పక్కకు తోసేస్తాడు.

అసలు భయపడవలసిన చోట జనం భయపడటం లేదని కూడా మనవి. కడ్డీని చూసి జంకే మనిషి క్షవరానికి కూర్చుని కత్తిలో ఏ బ్లేడు ఉందో చూడడు. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట, ఎండిన నెత్తుటి మరకలో కనీసం ఏడు రోజులు బతికే ఉంటుంది. మొక్కు తీర్చుకునే చోటైనా, బస్టాండు పక్క సెలూనైనా, కొత్త బ్లేడును గిరాకీ కళ్ళముందే విప్పాలనే బోర్డు పెట్టించండి. బ్లేడు ధర ఎంతో చూస్తే దీనికి ఎవరూ అడ్డు చెప్పలేరు.

నీళ్ళ గురించి ఏలూరు వాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 2020 డిసెంబరులో 600 మందికి పైగా మూర్ఛలతో, కళ్ళు తిరిగి ఆస్పత్రుల పాలయ్యారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ పరీక్షల్లో బయటపడింది. ఆ రోజుల్లో జనాన్ని ఎక్కువ భయపెట్టింది ఏమీ తెలియకపోవడం. అందుచేత ప్రయాణికులు తాగే ప్రతి కొళాయి పక్కనా నీటి పరీక్ష చేసిన తేదీ, ఫలితం రాసి పెట్టాలి. బాగుంటే బాగుందని, లేకపోతే లేదని.

ఇంకొకటి, కొంచెం సున్నితమైనది. క్రిముల భయం పేరు చెప్పి ఎవరినీ బస్సు దింపకూడదు. చేపల బుట్టతో ఎక్కిన ఆడమనిషిని చూసి ముక్కు మూసుకుని ‘అంటు’ అన్నట్టు పక్కకు జరిగేవాళ్ళున్నారు. చేపల వాసన జబ్బు కాదు. ఆమె చెయ్యీ మా చెయ్యీ ఒకే కొళాయి కింద కడుక్కునేవే. బుట్టల కోసం బస్సు వెనక భాగంలో ఒక రేకు పళ్ళెం ఏర్పాటు చేస్తే నీళ్ళు కారవు, తగువూ ఉండదు. ఈ దేశంలో ముట్టుకోవడం, ముట్టుకోకపోవడం అనే మాటలకు పాత చరిత్ర ఉంది. ఆరోగ్యం పేరుతో అది దొడ్డిదారిన రాకూడదని సిబ్బందికి రాతపూర్వకంగా ఆదేశాలివ్వండి.

అలాగే చేతులు చర్మం ఊడేదాకా కడిగేవాళ్ళు, కడ్డీ పట్టుకోవాలన్న తలపుకే బస్సెక్కడం మానుకున్నవాళ్ళు మా ఊళ్ళలోనూ ఉన్నారు. ఇంట్లోవాళ్ళు ‘చాదస్తం’ అంటారు, స్నేహితులు నవ్వుతారు. అది వైద్యం ఉన్న బాధ. 2022 అక్టోబరు నుంచి పనిచేస్తున్న టెలీ మానస్ మానసిక ఆరోగ్య సేవ ఉచిత నంబరు 14416 బస్టాండు గోడ మీద, పెద్ద అక్షరాలతో, కొళాయి పక్కనే రాయించమని కోరుతున్నాం.

డబ్బు మాట. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ కేటాయించాలన్న నియమం పెట్టారు. కొళాయి, వల ముక్క, సబ్బు బిళ్ళ ఆ పద్దులోకే వస్తాయి. ఇక్కడ చిక్కు డబ్బుకన్నా హద్దుల దగ్గర ఉంది. బస్టాండు ఆర్టీసీది, దాని ముందు కాలవ పంచాయతీది, రోడ్డు జాతీయ రహదారులవారిది, స్టేషను రైల్వేది. ఒక చోట కొళాయి అడిగితే ఇది మాది కాదన్నారు, పక్కవాళ్ళనడిగితే వాళ్ళూ అదే అన్నారు. అందువల్ల నాలుగు శాఖలకూ కలిపి ఒక అధికారిని పేరు పెట్టి నియమించి, ఆయనో ఆవిడో ఒక పూట బస్సెక్కి భీమడోలు నుంచి తాడేపల్లిగూడెందాకా నిలబడి ప్రయాణం చేసి, దిగి చెయ్యి కడుక్కునే చోటు ఎక్కడుందో చూసి, ఏ పని ఏ శాఖ ఎప్పటికి చేస్తుందో సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో మాకు రాతపూర్వకంగా ఇవ్వవలసిందిగా ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
భీమడోలు మండల ప్రయాణికులు
(సంతకాలు, వేలిముద్రలు జతపరచడమైనది)

ప్రతులు: జిల్లా ప్రజా రవాణా అధికారి, ఏలూరు, డివిజనల్ రైల్వే మేనేజర్, విజయవాడ, జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి, ఏలూరు, జిల్లా పంచాయతీ అధికారి, ఏలూరు.