'బ్యాకప్ ఉంది' అంటే సరిపోదు.. తిరిగి తెచ్చి చూపించాలి!

డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్తే ఒక ప్రశ్నకు సిద్ధంగా ఉండాల్సిందే. 'బ్యాకప్‌కి ఏ టూల్ ఎంచుకుంటారు?' చాలామంది ఆర్‌మ్యాన్, వీమ్, కామ్‌వాల్ట్ అని పేర్లు గడగడా చెప్పేసి ఆగిపోతారు. నన్నడిగితే ఆ ప్రశ్నకు మొదటి జవాబు టూల్ పేరు కానే కాదు. 'ఎంత డేటా పోతే మీ సంస్థ తట్టుకోగలదు? ఎంతసేపట్లో మళ్లీ పని మొదలవ్వాలి?' అని మీరే ఎదురు అడగాలి. ఎంపిక అక్కడ మొదలవుతుంది.

మన కరెంటు బిల్లు దాకా వచ్చిన సంగతే

భూపాలపల్లి జిల్లా చిట్యాలలో కూర్చుని చదువుకునేవాళ్లకు ఇదంతా హైటెక్ సిటీ వ్యవహారం అనిపించొచ్చు. కానీ చిట్యాలకు కరెంటు ఇచ్చేది వరంగల్ కేంద్రంగా నడిచే ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ. 2019లో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లపై ర్యాన్సమ్‌వేర్ దాడి జరిగింది. దెబ్బతిన్నవాటిలో మన ఉత్తర సంస్థ కూడా ఉంది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడగడమే ఈ దాడుల పద్ధతి. బ్యాకప్ ఉంది కాబట్టే డేటాను తిరిగి తెచ్చుకునే దారి దొరికింది.

2024 జులైలో చిన్న బ్యాంకులకు సాంకేతిక సేవలందించే సీ-ఎడ్జ్ సంస్థ మీద ఇలాంటి దాడే జరిగితే, దేశంలో దాదాపు 300 సహకార, గ్రామీణ బ్యాంకుల చెల్లింపు సేవలు కాసేపు ఆగిపోయాయి. అంటే ఈ పని తెలిసిన మనిషి అవసరం ఒక్క ఐటీ కంపెనీలకే కాదు. విద్యుత్ సంస్థకు, బ్యాంకుకు, ఆసుపత్రికి, ప్రభుత్వ శాఖకు.. అందరికీ ఉంది.

ముందు లెక్క, తర్వాతే టూల్

ఒక ధాన్యం కొనుగోలు కేంద్రం వివరాలన్నీ ఒక డేటాబేస్‌లో ఉన్నాయనుకోండి. రోజూ రాత్రి 12 గంటలకు ఫుల్ బ్యాకప్ తీస్తున్నారు. మర్నాడు సాయంత్రం 5 గంటలకు డిస్క్ పాడైంది. 17 గంటల ఎంట్రీలు పోయినట్టే. ఆ రోజు తూకం వేయించుకున్న రైతుల పేర్లు ఎక్కడినుంచి తెస్తారు? అదే ప్రతి 15 నిమిషాలకోసారి లాగ్ బ్యాకప్ వేరేచోట దాస్తుంటే, పోయేది మహా అయితే ఆ 15 నిమిషాల పనే.

ఎంత డేటా పోవడాన్ని ఒప్పుకుంటామో చెప్పేది ఆర్‌పీవో. ఎంతసేపట్లో కోలుకోవాలో చెప్పేది ఆర్‌టీవో (రవాణా ఆఫీసు కాదండీ!). ఈ రెండు అంకెలూ చేతిలో లేకుండా టూల్ కొనడమంటే, కొలత తీసుకోకుండా బట్ట కత్తిరించడమే.

అంకెలు తేలాక సగం ఎంపిక దానంతటదే అయిపోతుంది. ఒరాకిల్ అయితే ఆర్‌మ్యాన్ దాంతోపాటే వస్తుంది. కాకపోతే డేటాబేస్ ఆర్కైవ్‌లాగ్ మోడ్‌లో లేకపోతే కోరుకున్న నిమిషానికి వెనక్కి వెళ్లలేరు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో రికవరీ మోడల్ 'సింపుల్'గా ఉంటే లాగ్ బ్యాకప్ తీయడమే కుదరదు. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ డంప్ చిన్న డేటాబేస్‌లకు చాలు. పెద్దవాటికి వాల్ ఫైళ్లను కూడా భద్రపరిచే బార్‌మన్ లాంటి టూల్ కావాలి. మైఎస్‌క్యూఎల్‌కు పెర్కోనా ఎక్స్‌ట్రాబ్యాకప్ ఉచితంగానే దొరుకుతుంది. పదిరకాల డేటాబేస్‌లు, వందల సర్వర్లు ఉన్నచోట అన్నింటినీ ఒకేచోట నుంచి చూసుకోవడానికి వీమ్, కామ్‌వాల్ట్ లాంటివి పనికొస్తాయి. ఖరీదైనది కొంటే అన్నీ అదే చూసుకుంటుందనుకోవడం మాత్రం భ్రమ.

కాపీ ఉన్నంత మాత్రాన బ్యాకప్ కాదు

'మాకు రెండో సర్వర్‌లో ఎప్పటికప్పుడు కాపీ అవుతోంది, ఇంకా బ్యాకప్ ఎందుకు?' అనేవాళ్లున్నారు. ఎవరైనా పొరపాటున ఒక టేబుల్ తీసేస్తే, ఆ తీసివేత కూడా క్షణాల్లో రెండో సర్వర్‌కి చేరుతుంది. దాన్ని రెప్లికేషన్ అంటారు. సర్వర్ ఆగిపోతే అది ఆదుకుంటుంది, మనిషి తప్పు చేస్తే ఆదుకోదు.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఇదే బయటపడింది. ఒక ఇంజినీరు రెండో సర్వర్ అనుకుని అసలు సర్వర్‌లోని డేటాను తొలగించారు. రక్షణకు పెట్టుకున్న ఐదు పద్ధతుల్లో ఒక్కటీ అనుకున్నట్టు పనిచేయలేదు. పీజీ డంప్ వెర్షన్ డేటాబేస్ వెర్షన్‌తో కలవక బ్యాకప్‌లు ఫెయిలవుతూ వచ్చాయి. ఆ సంగతి చెప్పాల్సిన ఈమెయిళ్లు ఎవరికీ అందలేదు. చివరికి ఆరు గంటల కిందట వేరే అవసరం కోసం తీసిన స్నాప్‌షాట్ కాపాడింది. అక్కడ టూల్స్‌కి కొదవ లేదు. రీస్టోర్ చేసి చూడటమే లేదు.

'క్లౌడ్ ఉందిగా' అంటారా? అమెజాన్ ఆర్‌డీఎస్ ఆటోమేటిక్ బ్యాకప్‌ను గరిష్ఠంగా 35 రోజులే ఉంచుకోవచ్చు. ఏళ్ల తరబడి లెక్కలు దాచాల్సిన సంస్థకు అది ఏ మూలకు? మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే ఊళ్లో.. ఈ పాత సూత్రం క్లౌడ్ వచ్చినా మారలేదు. ర్యాన్సమ్‌వేర్ వచ్చాక ఇంకో షరతు చేరింది. ఒక కాపీ అయినా ఎవరూ మార్చలేని, చెరపలేని విధంగా ఉండాలి.

మీరు చేయాల్సింది

కోర్సుల ప్రకటనల్లో పదిహేను టూల్స్ పేర్లు కనిపిస్తే మోసపోకండి. ఒక్క డేటాబేస్ పట్టుకోండి. పోస్ట్‌గ్రెస్ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్ చాలు. లక్ష వరుసల టేబుల్ తయారుచేయండి. బ్యాకప్ తీయండి. ఇంకొన్ని వరుసలు చేర్చి, టైమ్ రాసుకుని, కావాలనే టేబుల్ తీసేయండి. ఆ క్షణానికి ముందున్న స్థితికి డేటాబేస్‌ను తిరిగి తీసుకురండి. మొదటిసారి కుదరదు. ఎక్కడ ఆగిందో, ఎన్ని నిమిషాలు పట్టిందో నోట్‌బుక్‌లో రాయండి. ఇదే పని పదిసార్లు చేయండి.

హైదరాబాద్‌లో హాస్టల్ ఫీజు కట్టి నేర్చుకునే స్తోమత అందరికీ ఉండదు. ఈ సాధనకు మాత్రం చిట్యాలలో మీ ఇల్లే చాలు. రేపు ఇంటర్వ్యూలో టూల్ గురించి అడిగితే, 'నేను ఫలానా టేబుల్‌ని ఇన్ని నిమిషాల్లో వెనక్కి తెచ్చాను, మధ్యలో ఈ ఇబ్బంది వచ్చింది' అని చెప్పండి. పేర్లు బట్టీ పట్టినవాళ్లు ఆ మాట చెప్పలేరు.