కుంకుమ పొట్లం నుంచి క్రీము డబ్బా వరకు: సౌందర్య సాధనాల నాణ్యతకు డిజిటల్ పద్దు

(ప్రత్యేక వ్యాసం)

విజయవాడ, భవానీపురం: దసరా నవరాత్రులలోను, భవానీ దీక్షల విరమణ సమయంలోను ఇంద్రకీలాద్రికి తరలివచ్చే లక్షలాది భక్తులు కనకదుర్గమ్మ దర్శనానంతరం తమ వెంట తీసుకువెళ్లే వస్తువులలో కుంకుమ ముఖ్యమైనది. కొండకు పడమటి దిక్కున కృష్ణా తీరాన విస్తరించిన భవానీపురం మీదుగా ఈ కుంకుమ పొట్లాలు ఊరూరికీ చేరుతాయి. అర్చనకు మాత్రమే వినియోగించే కుంకుమ సంగతి వేరు. నుదుట ధరించేందుకు విక్రయించే కుంకుమ మాత్రం చట్టం దృష్టిలో సౌందర్య సాధనమే. కాటుక, గోరింటాకు పొడి, సిందూరం, స్నానపు సబ్బు, ముఖానికి రాసే క్రీము కూడా ఈ కోవలోనివే.

చట్టం ఏమి చెబుతున్నది?

సౌందర్య సాధనాల తయారీ, అమ్మకం, దిగుమతులను 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం నియంత్రిస్తున్నది. మొదట సబ్బును సౌందర్య సాధనాల నిర్వచనం నుంచి మినహాయించినప్పటికీ, 1982 సవరణతో ఆ మినహాయింపు తొలగిపోయింది. 2020 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం సౌందర్య సాధనాలకు ప్రత్యేకంగా నియమావళిని ప్రకటించింది. దాని ప్రకారం దిగుమతి రిజిస్ట్రేషన్ కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ పరిధిలోను, తయారీ లైసెన్సు రాష్ట్ర లైసెన్సింగ్ అధికారి పరిధిలోను ఉంటాయి. స్వయం సహాయక సంఘం స్నానపు సబ్బు తయారుచేసి విక్రయించదలచినా లైసెన్సు తప్పనిసరి.

కుంకుమ పొడికి భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 10999 సంఖ్యతో ప్రమాణాన్ని నిర్ణయించింది. సౌందర్య సాధనాలలో వాడే రంగులలో సీసం పది లక్షల భాగాలలో 20 భాగాలకు, ఆర్సెనిక్ 2 భాగాలకు మించరాదు. కంటి పరిసరాలలో వాడేవి మినహా ఇతర ఉత్పత్తులలో అనుకోకుండా చేరిన పాదరసం సైతం పది లక్షల భాగాలలో ఒక భాగం దాటరాదు. నకిలీ లేదా కల్తీ సౌందర్య సాధనాల తయారీకి మూడేళ్ల వరకు జైలుశిక్ష, 50 వేల రూపాయలకు లేదా జప్తు చేసిన సరుకు విలువకు మూడు రెట్లకు, వీటిలో ఏది ఎక్కువైతే దానికి తగ్గని జరిమానా విధించే అవకాశం ఉన్నది.

ఈ పరిమితులు కేవలం కాగితం మీది అంకెలు కావు. 2017లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో న్యూజెర్సీ, ముంబయి, ఢిల్లీ దుకాణాల నుంచి సేకరించిన 118 సిందూరం నమూనాలను పరీక్షించారు. అమెరికాలో కొన్నవాటిలో 83 శాతం, భారతదేశంలో కొన్నవాటిలో 78 శాతం నమూనాలలో గ్రాముకు ఒక మైక్రోగ్రాము లేదా అంతకు మించి సీసం బయటపడింది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో చర్మం తెల్లబడేందుకు వాడిన క్రీములకు, మూత్రపిండాల వ్యాధికి గల సంబంధాన్ని వైద్యులు గుర్తించారు. ఆ రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగం 'ఆపరేషన్ సౌందర్య' పేరిట తనిఖీలు చేపట్టింది.

జాడ తీయడమే అసలు పరీక్ష

ఇటువంటి సందర్భాలలో అధికారుల ఎదుట మూడు ప్రశ్నలు నిలుస్తాయి. ఆ సరుకు ఏ బ్యాచ్‌కు చెందినది? అందులోని రంగు ఎవరి నుంచి వచ్చింది? మిగిలిన సరుకు ఎవరెవరికి చేరింది? లేబుల్‌పై బ్యాచ్ సంఖ్యను, లైసెన్సు సంఖ్యను విధిగా ముద్రించాలనడంలోని ఉద్దేశం ఇదే. అయితే లేబుల్‌పై అంకె ఉన్నంత మాత్రాన ప్రయోజనం నెరవేరదు. ఆ అంకె వెనుక నమ్మదగిన రికార్డు ఉండాలి.

డిజిటల్ నాణ్యతా నిర్వహణ వ్యవస్థ ఆవశ్యకత ఇక్కడే స్పష్టమవుతుంది. ఒక కుంకుమ తయారీ కేంద్రాన్ని ఉదాహరణగా తీసుకుందాం. దుగ్గిరాల మార్కెట్ యార్డు నుంచి పసుపు వచ్చింది. రంగు మరొక వ్యాపారి నుంచి వచ్చింది. రెండింటికీ రాక తేదీ, సరఫరాదారు పేరు, పరీక్షా ఫలితం నమోదవుతాయి. ఫలితం రానిదే ఆ సరుకును తయారీకి విడుదల చేయడానికి వ్యవస్థ అనుమతించదు. తూకం వేసినవారు, కలిపినవారు, తుది ఆమోదం తెలిపినవారు ఎవరికివారు తమ గుర్తింపుతో నమోదు చేస్తారు. ఒకసారి నమోదైన అంకెను మార్చితే పాత అంకె చెరిగిపోదు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో ఆడిట్ ట్రయల్‌లో నిలిచి ఉంటుంది. వినియోగదారుని ఫిర్యాదు వస్తే అది సంబంధిత బ్యాచ్‌కు అనుసంధానమై, కారణాన్వేషణ, దిద్దుబాటు, నివారణ చర్యలు పూర్తయ్యే వరకు తెరిచే ఉంటుంది. దస్త్రాలు తిరగేస్తూ రోజుల తరబడి వెదకవలసిన సమాచారం కొద్ది నిమిషాలలో లభిస్తుంది.

2020 నియమావళిలో తయారీ లైసెన్సుకు కాలపరిమితి లేదు. ఐదేళ్లకు ఒకసారి రుసుము చెల్లిస్తే అది కొనసాగుతుంది. గడువు ముగిసిన లైసెన్సును పునరుద్ధరించే సందర్భం లేనందున, సంస్థ నిత్యం నిర్వహించే రికార్డుల ప్రాధాన్యం మరింత పెరిగింది. సమాచార సాంకేతిక చట్టం, 2000 ఎలక్ట్రానిక్ రికార్డులకు, సంతకాలకు చట్టబద్ధత కల్పించింది. అయితే తనిఖీ అధికారి కోరినప్పుడు వాటిని చదవడానికి వీలైన రూపంలో చూపగలగాలి.

2024 సెప్టెంబరు ప్రారంభంలో ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణా ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. బుడమేరు పొంగి నగరంలోని అనేక ప్రాంతాలు రోజుల తరబడి నీట మునిగాయి. నేల అంతస్తులోని బీరువాలో భద్రపరచిన బ్యాచ్ పుస్తకం అటువంటి వరదకు నిలవదు. వేరొక చోట నకలు భద్రపరచిన డిజిటల్ రికార్డు నిలుస్తుంది. డెల్టా ప్రాంత పరిశ్రమలకు ఈ ఒక్క కారణమే చాలు.

పరిమితులను విస్మరించరాదు

కాగితపు రిజిస్టరును స్కాన్ చేసి కంప్యూటరులో దాచినంత మాత్రాన అది నాణ్యతా వ్యవస్థ కాబోదు. ఒకే పాస్‌వర్డుతో పదిమంది పనిచేస్తే ఎవరు ఏమి నమోదు చేశారన్నది తేలదు. తప్పుడు పరీక్షా ఫలితాన్ని నమోదు చేస్తే కంప్యూటరు దానిని సరిదిద్దలేదు. అంతే భద్రంగా దాస్తుంది. సాఫ్ట్‌వేర్ తాను చేయవలసిన పనిని సక్రమంగా చేస్తున్నదని వినియోగానికి ముందే పరీక్షించి, ఆ పరీక్షను కూడా నమోదు చేయాలి. సీసం ఉన్నదో లేదో తేల్చేది ప్రయోగశాలే తప్ప సాఫ్ట్‌వేర్ కాదన్నది మరువరాదు.

వ్యయం మరొక అంశం. ఐదారుగురు పనిచేసే చిన్న కేంద్రం పెద్ద ఔషధ పరిశ్రమలు వాడే సాఫ్ట్‌వేర్‌ను కొనలేదు. కొనవలసిన అవసరమూ లేదు. ముడి సరుకు రాక, బ్యాచ్ రికార్డు, అమ్మకాల వివరాలు, ఫిర్యాదులు అనే నాలుగింటితో ప్రారంభించి, శిక్షణ, సరఫరాదారుల మదింపు వంటివి క్రమంగా జతచేసుకోవచ్చు.

ఎగుమతులకూ ఇదే బాట

తెలుగువారు అధికంగా స్థిరపడిన అమెరికాలో 2022 డిసెంబరులో ఆమోదం పొందిన సౌందర్య సాధనాల చట్టం ప్రకారం తీవ్ర దుష్ఫలితాలను 15 పనిదినాలలో అక్కడి నియంత్రణ సంస్థకు నివేదించాలి. ఆ రికార్డులను ఆరేళ్లు, చిన్న సంస్థలైతే మూడేళ్లు భద్రపరచాలి. ఐరోపా సమాఖ్యలో ఉత్పత్తి సమాచార దస్త్రాన్ని చివరి బ్యాచ్ మార్కెట్లోకి వచ్చిన నాటి నుంచి పదేళ్లు ఉంచాలి. ఈ మార్కెట్లను ఆశించే తయారీదారులకు క్రమబద్ధమైన రికార్డు అనివార్యం.

తనిఖీకి వెళ్లే అధికారులు దుకాణంలోని ఏదో ఒక పొట్లాన్ని తీసుకుని, దాని బ్యాచ్ సంఖ్య ఆధారంగా ముడి సరుకు వరకు వెనుకకు, కొనుగోలుదారుని వరకు ముందుకు జాడ తీయమని తయారీదారును కోరడం సరళమైన, ఫలవంతమైన పరీక్ష. పాత్రికేయులు సైతం దాడులు, జప్తుల వార్తలతో పాటు ఆ బ్యాచ్‌లోని మిగిలిన సరుకు ఏమైందని ప్రశ్నించినపుడు ప్రజలకు మేలు కలుగుతుంది. నుదుట కుంకుమ ధరించే మహిళకు, కంటికి కాటుక పెట్టించుకునే పసిబిడ్డకు సీసం గురించి తెలిసే అవకాశం లేదు. వారి తరఫున ఆ సంగతి తెలుసుకుని, నమోదు చేసి, అవసరమైనపుడు చూపగలగడం తయారీదారుల బాధ్యత. అది నెరవేరుతున్నదో లేదో చూడడం యంత్రాంగం బాధ్యత.