మన బస్తీకి కావలివారు ఎవరు?

హైదరాబాద్ సైదాబాద్‌లోని సింగరేణి కాలనీ అనగానే మనలో చాలామందికి 2021 సెప్టెంబరు గుర్తుకు వస్తుంది. ఆరేళ్ళ పసిపాప కనబడకుండా పోయింది. వెదికితే పక్కింట్లోనే శవమై దొరికింది. నిందితుడు ఆ పొరుగింటివాడే. ఆచూకీ చెప్పినవారికి పోలీసులు పది లక్షల రూపాయల బహుమానం ప్రకటించారు. వారం రోజులకు స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర రైలు పట్టాల మీద అతని శవం కనిపించింది. వార్త అక్కడితో చల్లారింది. కాలనీకి మాత్రం చెడ్డపేరు మిగిలిపోయింది.

ఇలాంటి పేరు పడిన బస్తీలు మన ప్రతి నగరంలోనూ ఉన్నాయి. "ఆ ఏరియా మంచిది కాదు" అని ఒక్కమాట అనేస్తాం. అక్కడ కుటుంబ ప్రార్థన పెడితే వెళ్ళడానికి వెనుకాడతాం. ఆ బస్తీ నుండే మన ఆరాధనకు వచ్చి పక్కన కూర్చునే సహోదరి ఆ మాట విని ఎంత నొచ్చుకుంటుందో ఆలోచించం. కనుక నగర భద్రత గురించి మన సంఘాలు కొంచెం నిదానించి, ప్రార్థనాపూర్వకంగా ఆలోచించాలని కోరుతున్నాం.

మొదటి సంగతి లెక్కలు. ఏటా డిసెంబరు చివర పోలీసు కమిషనర్లు వార్షిక నివేదికలు విడుదల చేస్తారు. నేరాలు పెరిగాయనో తగ్గాయనో మరునాడు పత్రికలు రాస్తాయి. అయితే ఆ అంకెలు జరిగిన నేరాలవి కావు, నమోదైన కేసులవి. 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో షీ టీమ్స్ మొదలయ్యాక, అంతకుముందు నోరు మెదపని ఆడపిల్లలు ఫిర్యాదు చేయడానికి ముందుకు వచ్చారు. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన కొత్త చట్టాలు, ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలనే జీరో ఎఫ్‌ఐఆర్ పద్ధతికి చట్టబద్ధత ఇచ్చాయి. ఇలా ధైర్యం పెరిగినప్పుడు అంకె కూడా పెరుగుతుంది. అది చెడ్డ సూచన కాదు. ఒక్క కేసూ నమోదు కాని బస్తీలో శాంతి ఉందో, భయం ఉందో అంకె చెప్పలేదు.

రెండవది సీసీ కెమెరాలు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన జంట పేలుళ్ళు మనం మరువలేదు. జనం ఎక్కువగా కూడే చోట్ల కెమెరాలు పెట్టాలని ఆ ఏడే చట్టం వచ్చింది. తరువాత 'నేను సైతం' పేరిట కాలనీవాసులే చందాలు వేసుకుని కెమెరాలు పెట్టుకున్నారు. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటర్ ప్రారంభమైంది. గొలుసు దొంగలను, బైకు దొంగలను పట్టుకోవడంలో ఇవి ఎంతో ఉపయోగపడ్డాయి. అందుకు కృతజ్ఞులమై ఉండాలి.

కాని కెమెరా వీధి మలుపు దగ్గర ఉంటుంది, గడప దాటి లోపలికి చూడదు. దేశంలో నమోదయ్యే అత్యాచార కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితులు బాధితులకు తెలిసినవారేనని జాతీయ నేర రికార్డుల బ్యూరో నివేదికలు ఏటా చూపిస్తున్నాయి. బంధువు, పొరుగువాడు, పరిచయస్థుడు. మనం భయపడేది వీధిలో ఎదురయ్యే అపరిచితుడికి, అసలు ప్రమాదం ఎక్కువగా పొంచి ఉండేది తెలిసినవారి మధ్య.

మూడవది నిర్బంధ తనిఖీలు. తెల్లవారకముందే వందలాది పోలీసులు బస్తీని చుట్టుముట్టి, ఇల్లిల్లూ వెదికి, కాగితాలు లేని బండ్లు పట్టుకుపోతారు. దొంగ బండ్లు, గుడుంబా, పరారీలో ఉన్న నేరస్థులు దొరికిన సందర్భాలు లేకపోలేదు. అయితే ఈ తనిఖీలు పేదల బస్తీల్లోనే ఎక్కువ, గేటెడ్ కమ్యూనిటీల్లో అరుదు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్న వాచ్‌మన్‌ను కూడా దొంగతో కలిపి వరుసలో నిలబెడితే, రేపు పక్కింట్లో కేకలు వినిపించినప్పుడు అతడు 112కు ఫోన్ చేస్తాడా? పోలీసుల మీద నమ్మకం కూడా భద్రతలో భాగమే.

నాల్గవది మన హృదయాలను పరీక్షించుకోవలసిన సంగతి. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర నలుగురు నిందితులను ఎన్‌కౌంటర్ చేసినప్పుడు జనం పోలీసులపై పూలు చల్లారు. మనలోనూ సంతోషించినవారు ఉన్నారు. కన్నకూతురిని పోగొట్టుకున్నవారి దుఃఖం ముందు అందరం తలవంచుతాం. కాని సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్, పోలీసులు చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని 2022లో తేల్చింది. జనం కేకలకు లొంగిన పిలాతు తీర్పుతో సిలువకు అప్పగింపబడిన ప్రభువును వెంబడించేవారం మనం. విచారణ లేని శిక్షకు చప్పట్లు కొట్టడం మనకు తగదు.

మరి సంఘం ఏమి చేయాలి? క్షేమంగా ఉన్న పట్టణం ఎలా ఉంటుందో జెకర్యా ప్రవక్త ఎనిమిదవ అధ్యాయంలో చూపించాడు. వృద్ధులు చేతికర్రలతో వీధుల్లో కూర్చుని ఉంటారు, ఆ వీధుల నిండా పిల్లలు ఆడుకుంటూ ఉంటారు. ఆ దర్శనంలో ఎత్తైన గోడలు కాదు, ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండే మనుషులు కనిపిస్తారు.

తల్లిదండ్రులిద్దరూ పనికి పోతే బడి నుండి వచ్చిన పిల్లలకు చీకటి పడేదాకా తోడు ఉండదు. ఆ మూడు నాలుగు గంటలు మన మందిరాలు చాలావరకు తాళం వేసి ఉంటాయి. ఆ తాళం తీద్దాం. ఏ మతం పిల్లలైనా కూర్చుని చదువుకోనిద్దాం. వెలగని వీధి దీపం గురించి బల్దియాకు అర్జీ పెట్టడం కూడా పరిచర్యే. గంజాయికి అలవాటుపడిన యౌవనస్థుని పేరు సభ్యుల జాబితా నుండి కొట్టివేయకముందు చికిత్సకు తీసుకువెళ్దాం.

అన్నిటికన్నా కష్టమైనది ఒకటి ఉంది. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారెవరైనా పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ ఆజ్ఞాపిస్తుంది. చెప్పకపోవడం శిక్షార్హమైన నేరం. కాపరికీ, సంఘ పెద్దలకూ ఇందులో మినహాయింపు లేదు. "సంఘం పరువు పోతుంది, కూర్చుని మాట్లాడుకుందాం" అని సర్దిచెప్పిన ప్రతిసారీ, చిన్నబిడ్డను విడిచి నేరస్థుని కాపాడినవారమవుతాం. సండే స్కూల్లో ఏ బిడ్డతోనైనా ఒక్క పెద్దవారే ఒంటరిగా ఉండకూడదనే నియమం ఈ ఆదివారం నుండే పెట్టుకోవచ్చు. 1098 నంబరు మందిరం గోడ మీద పిల్లలకు కనిపించే ఎత్తులో రాయించవచ్చు.

నెహెమ్యా కాలంలో యెరూషలేము ప్రాకారం కట్టినప్పుడు చాలామంది ఎవరి ఇంటి ఎదుట భాగం వారే బాగుచేసుకున్నారు. కావలి కూడా అలాగే కాశారు. నగరమంతటినీ మనం కాపాడలేకపోవచ్చు. మన మందిరం ఎదుట ఉన్న వీధి మాత్రం దేవుడు మనకు అప్పగించినదే.